బి.ఓ. అనే రెండక్షరాలు

మే 9, శనివారం, 1987

పొద్దున్నే డ్వైట్ ఓగిల్వీ ఫోన్ చేశాడు. వాళ్ల కలప అడితిలో పాత బొగ్గుల కొట్టు పడగొడుతుంటే రేకుల వెనక ఒక గూడ్సు పెట్టె బయటపడిందట. కర్రది. చక్రాలు లేవు, పైకప్పు సగమే ఉంది, గోడలు మాత్రం నిలబడే ఉన్నాయట.

"లవాన్, ముందు కూర్చో. మా ముత్తాత పెట్టె దొరికింది," అన్నాడు.

కూర్చోలేదు. మ్యూజియంలో ఉన్న ఒక్క కుర్చీ మీదా చెమ్మ పట్టిన పాత టోపీలు ఆరబెట్టాను.

ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి ఆ కథ పాలతో పాటే పట్టిస్తారు. 1887 అక్టోబరులో బార్నబస్ ఓగిల్వీ రెండు గుర్రాలు, ఒక నాగలి, ఒక భార్యతో (ఈ వరసలోనే చెప్తారు) గూడ్సు పెట్టెలో ఇక్కడ దిగాడు. కాన్సాస్ గాలికి ఇల్లు నిలబెట్టే దారి లేక చలికాలమంతా ఆ పెట్టెలోనే గడిపి, మంచు కరగగానే ఊరు మొదలుపెట్టి, దానికి తన పేరే పెట్టుకున్నాడు. ఇది నూరో ఏడు. జూలై నాలుగున పండగ. ఇంతవరకూ ఆయన గుర్తుగా మా దగ్గరున్నది ఒక్క పన్ను. అదీ గుర్రానిదని నా అనుమానం.

"వచ్చి చూసి, ఇదే అని ఒక కాగితం రాసివ్వు," అన్నాడు డ్వైట్. చూస్తానన్నాను. 'ఇదే అని' అన్న ముక్క విననట్టు ఊరుకున్నాను.

మే 11

చూశాను. టేపు పెట్టి కొలిచాను, ముప్పై ఆరు అడుగులు. తలుపు పక్కన, మసి కింద, మూరెడేసి తెల్ల అక్షరాలు రెండు: బి, ఓ.

డ్వైట్ టోపీ తీశాడు. కొట్టు పడగొడుతున్న ముగ్గురు పనివాళ్లూ తీశారు. "సంతకం," అన్నాడు డ్వైట్ గొంతు తగ్గించి. బార్నబస్ ఓగిల్వీ. నా కళ్లూ చెమర్చాయి. బొగ్గు పొడి అయినా అయ్యుండొచ్చు.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. రైలు కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న పెట్టె మీద ఎవరైనా తన పేరు మూరెడెత్తున రాసుకుంటారా? అయితే డ్వైట్ కొట్టు మీద బోర్డు రెండు నిలువుల ఎత్తుంటుంది. వంశంలోనే ఉందేమో.

మే 12

1959లో డ్వైట్ నన్ను స్కూలు డాన్సుకు తీసుకెళ్లాడు. దీనికీ దానికీ సంబంధం లేదు. ఎందుకు రాశానో.

మే 19

పండగ కమిటీకి నివేదిక ఇచ్చాను. రెండు పేజీలు. అందులో 'బహుశా' అన్న మాట ఆరుసార్లు పడిందని డ్వైట్ లెక్కపెట్టి చెప్పాడు. పండగలో ఆపిల్ పైల వంట పోటీలు చూసే డార్లీన్ ఫిచ్ అయితే, చదువుతుంటే మధ్యమధ్య ఎవరో దగ్గుతున్నట్టుంది అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

1880ల నాటి గూడ్సు పెట్టెలు ఇంతకంటే పొట్టివని పుస్తకాల్లో ఉందని చెప్పాను. డ్వైట్ వెనక్కి వాలి కూర్చున్నాడు. మూడు తరాలుగా కలప అమ్ముతున్న కుటుంబం కదా, అతని మాటకి బరువుంది. "చెక్క సాగుతుంది," అన్నాడు.

వందేళ్లలో ఎంత సాగుతుందని అడిగాను.

"రెండడుగులు. ఎండ బాగా తగిలితే మూడు."

చెక్క సాగుతుందని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మినిట్సు రాసేది నేనే. నా చేత్తోనే రాశాను.

మే 20

చెక్క సాగదు.

మే 27

మూడో తరగతి పిల్లల్ని టీచరు పెట్టె చూపించడానికి తీసుకొచ్చింది. అక్షరాలు చూడగానే ముందు వరస కిసుక్కుమంది, ఆ తర్వాత అందరూ. సబ్బుల ప్రకటనల్లో బి.ఓ. అంటే చంకల కంపు మరి. కాదు, అది మన ఊరి తండ్రి పేరు అని టీచరు గట్టిగా చెప్పింది. ఒక పిల్ల చెయ్యెత్తి, చలికాలమంతా ఆయన స్నానం చెయ్యలేదా అని అడిగింది. చరిత్రకారిణిగా నాకు ఆ ప్రశ్న సమంజసంగానే అనిపించింది. డ్వైట్‌కి అనిపించలేదు.

వాళ్లు వెళ్లాక లోపలికి వెళ్లాను. గోడకి లోపలి వైపు, చలిగాలి రాకుండా, పాత పేపర్లు అతికించి ఉన్నాయి. ఒక మూల గీరి చూస్తే స్పానిష్. తేదీ 1924. తలుపు చట్రం పక్క నిలువు చెక్క మీద కత్తితో పెట్టిన గాట్లు, మెట్లలా ఒకదాని మీద ఒకటి. కొన్నిటి పక్కన ఇ, కొన్నిటి పక్కన జె. పిల్లల్ని నిలబెట్టి ఎత్తు గుర్తు పెట్టినట్టు. ఇ పైకి వెళ్తూనే ఉంది, మొత్తం పన్నెండు. జె అయిదుతో ఆగిపోయింది.

వేలాడుతున్న పేపరు ముక్క మళ్లీ దాని మీదికి లాగి వచ్చేశాను. ఇంకా నిర్ధారించుకోవాలి కదా అని.

మే 30

మిసెస్ సాల్సెడో మ్యూజియానికి వచ్చింది. ముప్పై ఏళ్లు స్కూలు వంటగదిలో చేసింది ఆవిడ. ప్రతి గురువారం చిలీ అనే కారం బీన్సు కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె చుట్ట. ఈ ఊళ్లో నలభై దాటిన ప్రతి మనిషీ ఆవిడ చేతి తిండి తిన్నవాళ్లే. అయినా మ్యూజియంలో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. పన్ను ముందు చాలాసేపు నిలబడి, గుర్రం మంచిదే అంది.

తర్వాత కుర్చీ మీది టోపీలు తీసి పక్కన పెట్టి కూర్చుంది. "నేను పుట్టిన ఇంటికి రంగు వేస్తున్నారట, అమ్మాయ్."

వాళ్ల నాన్న పట్టాల గ్యాంగులో కూలీ. గ్యాంగు మనుషులకి కంపెనీ పాత పెట్టెలు ఇచ్చేది కాపురానికి. పట్టాల పక్కన అవతలి వైపు అలాంటివి ఎనిమిది ఉండేవట. 1936లో అందర్నీ ఖాళీ చేయించి పెట్టెలు అమ్మేశారు. వీళ్లది అడితివాళ్లు కొని బొగ్గు పోసుకున్నారు. ఆవిడ ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఆ కొట్టు ముందు నుంచే నడిచేదట.

"తలుపు పక్కన మా నాన్న కత్తితో పెట్టిన గాట్లుండాలి. ఉన్నాయా?"

చూడాలి అన్నాను.

నా మొహంలోకి చూసింది. స్కూల్లో నేను కూర తినకుండా పళ్లెం కింద దాచినప్పుడు ఇలాగే చూసేది. "చుయ్ నా తమ్ముడు. కాగితం మీద హెసూస్, జె తో రాస్తారు. ఆరేళ్లకి పోయాడు, గొంతు జబ్బుతో. వాడి ఫొటో ఒక్కటి లేదు నా దగ్గర. ఫొటోలు ఎవరు తీస్తారు మాకు? వాడు ఉన్నాడనడానికి ఆ అయిదు గాట్లే. వచ్చే నెల ఇరవయ్యేడున లోపల చిత్రిక పట్టి వార్నీషు కొడతారటగా."

అది ఆ పెట్టేనని రుజువేమైనా ఉందా అని అడిగాను. అడగడం నా వృత్తి. కానీ అడిగిన తీరు బాగాలేదు.

ఆవిడకి కోపం రాలేదు, నవ్వింది. "బార్నబస్‌ని కూడా రుజువు అడిగావా?"

జూన్ 3

వృద్ధాశ్రమానికి వెళ్లాను. హోబర్ట్ ప్రూయిట్‌కి తొంభై ఒకటి. రైలు యార్డులో సుత్తితో చక్రాలు కొట్టి, చప్పుడు విని, పెట్టె బాగోగులు చెప్పే పని నలభై ఏళ్లు చేశాడు. బి.ఓ. గురించి చెప్పగానే నవ్వడం మొదలుపెట్టాడు. నర్సు వచ్చి నీళ్లు పట్టేదాకా ఆపలేదు.

"బ్యాడ్ ఆర్డర్," అన్నాడు ఊపిరి తీసుకుని. పాడైపోయింది, కదపొద్దు అని. చిన్న జబ్బైతే సుద్దతో రాసేవాళ్లు, ఇక లాభం లేదనుకుంటే తెల్లరంగుతో. "నా చేత్తోనే కొన్ని వేల పెట్టెల మీద రాశాను. అంటే అమ్మా, నేను ఎన్ని ఊళ్లు పుట్టించినట్టు?"

పెట్టె నంబరు ఎలా తెలుస్తుందని అడిగాను. రంగు ఎప్పుడో పోయిందన్నాను. పోతే పోనీ అన్నాడు. రంగు ఉన్నన్నాళ్లూ దాని కింది చెక్క ఎండకీ ఇసుకగాలికీ అరగదు, చుట్టుపక్కల అరుగుతుంది, అందుకని అంకెలు ఉబ్బి నిలబడతాయట. "కళ్లతో వెతక్కు. కళ్లు మూసుకుని చేత్తో చదువు."

జూన్ 5

మధ్యాహ్నం, పనివాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు, పెట్టె గోడకి రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకున్నాను.

మూడు. ఒకటి. ఎనిమిది. నాలుగు. ఆరు.

దాని కింద చిన్నగా, తయారైన నెల, ఏడు: 3-02. వెయ్యిన్ని తొమ్మిది వందల రెండు. బార్నబస్ దిగిన పదిహేనేళ్ల తర్వాత.

కళ్లు తెరిచేసరికి పక్కనే డార్లీన్, చేతులు గుండెల మీద పెట్టుకుని నిలబడి ఉంది. సాయంత్రానికి ఊరంతా పాకింది, మ్యూజియం లవాన్ వ్యవస్థాపకుడి పెట్టె ముందు ప్రార్థన చేస్తోందని. చర్చిలో మొదటిసారి నన్ను ముందు వరసకి రమ్మన్నారు.

జూన్ 8

కోర్టులో జననాల రిజిస్టరు. 1919, జనవరి 6. ఆడపిల్ల, ఎపిఫానియా, అంటే మన మిసెస్ సాల్సెడో. తండ్రి వృత్తి: పట్టాల కూలీ. పుట్టిన చోటు: రైల్వే పెట్టె నంబరు 31846.

ఎంత అందమైన చేతిరాతో ఆ గుమస్తాది. వీధి పేరు, ఇంటి నంబరు రాయాల్సిన గడిలో ఆ అయిదంకెలూ గుండ్రంగా, ఏ తొందరా లేకుండా రాశాడు.

ఇందులో 'బహుశా' పెట్టడానికి చోటు లేదు. వెతికాను.

జూన్ 9

మీటింగు. డార్లీన్ ఆపిల్ పైల గురించి గంట మాట్లాడింది. చెప్పడానికి వీలు చిక్కలేదు.

జూన్ 16

ఈసారీ చిక్కలేదు. పెట్టెలో నిలబెట్టడానికి బార్నబస్ బొమ్మ వచ్చింది. మూతబడిన బట్టల కొట్టులోది. ఆడమనిషి బొమ్మ, గడ్డం అంటించారు. చెయ్యి మణికట్టు దగ్గర వయ్యారంగా వంగి ఉంది, కొత్త చేతిసంచీ తగిలించుకున్నట్టు. ఆ చేతికి నాగలి పిడి ఇస్తారట.

జూన్ 17

డ్వైట్‌కి ఒక్కడికే చెప్పాను, అడితిలో, దుంగల మధ్య నిలబడి. నంబరు, రిజిస్టరు, హోబర్ట్ చెప్పింది, గాట్లు, అన్నీ. అడ్డురాకుండా విన్నాడు. వింటాడు, ఆ గుణముంది.

"పెట్టె 1902లో చేసింది, డ్వైట్."

"అయితే మా ముత్తాత తన కాలం కంటే ముందున్న మనిషన్నమాట."

తమాషాకి అన్నాడనుకున్నాను. కాదు. ఆ వాక్యం బాగుందని జేబులోంచి పెన్సిల్ తీసి చెక్క ముక్క మీద రాసుకున్నాడు.

తర్వాత మోచేతి మీద చెయ్యి వేశాడు. "పెట్టెకి తగిలించే ఇత్తడి ఫలకం పోత పోసేశారు, లవాన్. మా నాన్న చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు. కానీ పెట్టె కథ ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. నువ్విది బయటపెడితే నాకు మిగిలేది గుర్రం పన్ను." ఆగి, "అది గుర్రానిదని నాకూ తెలుసు," అన్నాడు.

1959కీ దీనికీ సంబంధం లేదు.

జూన్ 24, బుధవారం

ఇది మంచి ఉపాయం అని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరికీ నష్టం లేదు. మధ్యాహ్నం క్లబ్బు భోజనానికి కమిటీ అంతా వెళ్తుంది. ఆ గంటలో గాట్లున్న చెక్క ఊడదీసి, దాని చోట కొత్తది కొట్టేస్తే సరి. చిత్రిక పట్టేది కొత్తదానికి. పాతది మిసెస్ సాల్సెడోకి.

కొత్త చెక్క డ్వైట్ దగ్గరే కొన్నాను, నిన్న. తనే కొలిచి కోసిచ్చాడు. ఎందుకని అడిగితే అలమరా అన్నాను. చక్కటి పైను, సాగదు అన్నాడు.

మేకులు పెకలించడానికి నలభై నిమిషాలు పట్టింది. చెక్క కారు కిటికీలోంచి బయటికి రెండడుగులు పొడుచుకొచ్చింది. చివర ఎర్ర గుడ్డ కట్టి మిసెస్ సాల్సెడో ఇంటికి తీసుకెళ్లాను. వసారాలో కూర్చుని బీన్సు ఏరుతోంది. చెక్క తీసి చూపించాను. లేచి వచ్చి, వంగి, జె గాట్ల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టింది, కిందినుంచి పైకి. అయిదో దాని దగ్గర వేలు ఆగింది.

తర్వాత చెయ్యి ఏప్రన్‌తో తుడుచుకుంది. "తీసుకెళ్లు."

మీ కోసమే తెచ్చానన్నాను.

"ఎవరూ చూడకుండా తెచ్చావు. మేం పట్టాల అవతల ఉన్నదీ ఎవరూ చూడకుండానే. వాడు పెరిగింది ఆ పెట్టెలో, నా వసారాలో కాదు. నేను నిన్ను చెక్క అడగలేదు, అమ్మాయ్. చెప్పమన్నాను. నోటితో. అందరూ ఉన్నచోట."

ఆవిడ చెప్పమనలేదే, అని కారులో గుర్తుచేసుకున్నాను. ఆ రోజు మ్యూజియంలో ఆ మాట అనలేదు. రెండుసార్లు గుర్తుచేసుకున్నాను. అనలేదు.

అనకపోతే ఏం.

జూన్ 27

చిత్రిక పట్టారు. వార్నీషు కొట్టారు. స్పానిష్ పేపర్లు రెండు బస్తాలయ్యాయి. చెత్తబండి రాకముందే మ్యూజియానికి మోసుకొచ్చాను. ఎందుకని అడిగితే టోపీలు చుట్టడానికన్నాను. ఈ మధ్య అబద్ధాలు నోటికి తొందరగా వస్తున్నాయి. నిజానికే నత్తి.

జూన్ 30

చెక్క ఇంకా కారులోనే ఉంది. ఎర్ర గుడ్డతో ఊరంతా తిరుగుతున్నాను. కూరగాయల కొట్టు దగ్గర ముగ్గురు అడిగారు, అలమరా ఎప్పుడవుతుందని.

జూలై 2

డ్వైట్ వచ్చి, ఫలకం మీది మాటలు మైకులో చదవాల్సింది నువ్వే అన్నాడు. డిగ్రీ ఉన్నది నీకొక్కదానికే, పైగా ప్రార్థన చేశావని అందరికీ తెలుసు అన్నాడు. వెళ్లబోతూ కిటికీలోంచి నా కారు వైపు చూశాడు. ఎర్ర గుడ్డ వైపు. టోపీ పెట్టుకుని వెళ్లాడు.

జూలై 4

చేశాను.

బార్నబస్ గడ్డం గాలికి సగం ఊడి వేలాడుతోంది. బ్యాండు, జెండాలు, ముందు వరసలో చక్రాల కుర్చీలో హోబర్ట్. మూడో వరస చివర మిసెస్ సాల్సెడో, చర్చి టోపీతో. "ఈ పెట్టెలో 1887 చలికాలం" అని మొదలుపెట్టాను. ఇత్తడి మీద ఎండ పడి అక్షరాలు కనపడలేదు. కనపడి ఉంటే చదివేసేదాన్నేమో. రాసుకోవాలి ఇది, నాకు నేనైనా.

కనపడలేదు కాబట్టి చేతి సంచీలోంచి రిజిస్టరు నకలు తీశాను. ఇది 1902లో చేసిన పెట్టె అన్నాను. దీని నంబరు 31846 అన్నాను. బి.ఓ. అంటే బ్యాడ్ ఆర్డర్, పనికిరాదని పక్కన పెట్టినది అన్నాను. ఇందులో పద్దెనిమిది చలికాలాలు మిసెస్ సాల్సెడో పుట్టింటివాళ్లు కాపురమున్నారు, ఎపిఫానియా ఇందులో పుట్టింది, చుయ్ ఇందులో అయిదు గాట్లు పెరిగి ఇందులోనే పోయాడు అన్నాను. నాలుగు వాక్యాలు. ఒక్క బహుశా లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హోబర్ట్ మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు. మూడో తరగతి పిల్లలు అందుకున్నారు. మిసెస్ సాల్సెడో లేచి నిలబడింది. అంతే. మాట్లాడలేదు, చెయ్యి ఊపలేదు. అందరి తలలూ అటు తిరిగేదాకా నిలబడే ఉంది. ఆ తలల్లో చాలావరకు ఆవిడ తిండి పెట్టి పెంచినవే.

అప్పుడు డార్లీన్ బ్యాండు వాళ్లకి సైగ చేసింది.

జూలై 7

అత్యవసర సమావేశం. ఫలకం మళ్లీ పోత పోయించడానికి డబ్బు లేదు. మొదట్లో కొంచెం ఖాళీ జాగా ఉంది. అందులో ఒక్క మాట చెక్కించవచ్చని డ్వైట్ ప్రతిపాదించాడు, నా వైపు చూడకుండా. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

'బహుశా.'

మినిట్సులో రాశాను. మ్యూజియంలో నా ఉద్యోగం కూడా డిసెంబరు దాకా ఉంటుందట. బహుశా.

జూలై 9

చెక్కని దాని చోట పెట్టడానికి వెళ్లాం, నేనూ మిసెస్ సాల్సెడో. వార్నీషు చేసిన గోడలో ఆ నల్ల చెక్క పన్ను ఊడిన చోట పన్నులా కూర్చుంది. సుత్తి ఎత్తేసరికి వెనక అడుగుల చప్పుడు. డ్వైట్. చేతిలో చిన్న డబ్బా.

"కొత్త మేకులు కొడితే చీలిపోతుంది," అన్నాడు. డబ్బాలో పాత చదరపు మేకులున్నాయి, నేను పెకలించినవే. బొగ్గు పొడిలోంచి ఏరి, వంకరలు తీసి తెచ్చాడు. నేను పట్టుకుంటే తను కొట్టాడు. తర్వాత టోపీ తీసి, "మిసెస్ సాల్సెడో," అన్నాడు. ఆ తర్వాత, స్కూల్లో మీ దాల్చినచెక్క చుట్టలు రెండోసారి అడిగితే పెట్టేవారు కాదు అన్నాడు.

"నీకు మూడుసార్లు పెట్టాను. నువ్వు లెక్కలో ఎప్పుడూ వెనకే."

అతను వెళ్లాక ఆవిడ బయటికొచ్చి తెల్ల అక్షరాల ముందు నిలబడింది. వాళ్లింటిని పట్టుకుని మైకులో పనికిరానిది అన్నానే అని నాకు ఇబ్బందిగా ఉంది. క్షమించమనబోయాను.

"చుయ్ ఒకసారి అడిగాడు, ఇదేంటని," అంది. "మా నాన్నకి ఇంగ్లీషు రాదు. మా భాషలో మాటలైతే గుర్తుపట్టగలడు. ముందు బి, చివర ఓ, మధ్య అక్షరాలు గాలికి కొట్టుకుపోయాయిరా, అది బ్వేనో అన్నాడు. మంచిది అని. మేం మంచిదానిలో ఉన్నామనుకున్నాం పద్దెనిమిదేళ్లూ."

అరచెయ్యి రెండక్షరాల మధ్య ఖాళీలో ఆనించింది. ఎండకి చెక్క వెచ్చగా ఉంది కాబోలు, తీయలేదు.

"మా నాన్న సరిగ్గానే చదివాడంటావా?"

అవునన్నాను.